గవిలో బొగ్గు 49,000 ఏళ్లదని ఎట్లా చెప్తారు? మా తొమ్మిదో తరగతి పిల్లవాడి ప్రశ్న

సోషల్ సార్, బేతంచెర్ల

నమస్కారం. నేను బేతంచెర్ల వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్తాను. పోయిన వారం తొమ్మిదో తరగతిలో ఆదిమానవుల పాఠం చెప్తూ, పుస్తకంలో లేకపోయినా, ఆస్ట్రేలియాలోని వరట్యి అనే రాతి గవి సంగతి చెప్పాను. ఎడారి అంచున ఉన్న ఆ గవిలో 49,000 ఏళ్ల కిందటే అబోరిజినల్ ప్రజలు (అక్కడి మూలవాసులు) ఉన్నట్టు ఆధారాలు దొరికాయని 2016లో పేపర్లో చదివి కత్తిరించి పెట్టుకున్నాను.

వెనక బెంచీలో ఒక పిల్లవాడు ఉంటాడు. వాళ్లకు గొర్రెలున్నాయి. సెలవుల్లో నాయన వెంట కొండకు పోతాడు. వాడు లేచి, "సార్, మా గవిలో కూడా బొగ్గులుంటాయి. మొన్న మేము వేసిన మంటవే. అవి నిన్నటివో పాతవో చూస్తే తెలీదు. వాళ్లకెట్లా తెలిసింది? ఎవరైనా రాసి పెట్టినారా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే నా దగ్గర సరైన జవాబు లేదు. 'కార్బన్ పరీక్ష' అని ఒక మాట చెప్పి దాటేశాను. ఆ దాటేయడం నాకు నచ్చలేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మర్నాడు వాడు ఇంకో రెండు ప్రశ్నలు తెచ్చాడు. గవిలో ఎముకలు దొరికితే మనుషులు తిన్నవే అని ఎట్లా అంటారు, గుడ్లగూబలు, నక్కలు కూడా తెస్తాయి కదా? ఎడారి పక్కన నీళ్లుండవు కదా, మరి 49,000 ఏళ్లు అక్కడే ఎట్లా కూర్చున్నారు?

మాకు బిల్లసర్గం గుహలు దగ్గరే. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కొడుకు అక్కడ తవ్వి ఎముకలు తీసిన సంగతి పిల్లలకు ఏటా చెప్తాను. అందుకే వీళ్లకు గవి అంటే పుస్తకంలో బొమ్మ కాదు, ఆదివారం పోయే చోటు. తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్తే సోమవారం క్లాసులో వాడి పేరు చెప్పి మరీ జవాబిస్తాను.

పలుగురాయి, హైదరాబాద్

సార్, నేను జియాలజీ చదువుతున్నాను. మొదటి ప్రశ్న వరకు నేను చెప్తాను.

పిల్లవాడు అన్నది నిజం. బొగ్గును చూసి వయసు చెప్పలేం. చెట్టు బతికున్నంత కాలం గాలిలోంచి కార్బన్ తీసుకుంటుంది. అందులో కార్బన్-14 అనే రకం చాలా కొంచెం ఉంటుంది. చెట్టు చచ్చిన రోజు నుంచి అది తరుగుతుంది. 5,730 ఏళ్లకు సగమవుతుంది, మరో 5,730 ఏళ్లకు ఆ సగంలో సగం. ఎంత మిగిలిందో కొలిస్తే ఎప్పుడు చచ్చిందో లెక్క వస్తుంది.

చిక్కు ఎక్కడంటే, 50,000 ఏళ్లు గడిచాక మొదట ఉన్నదాంట్లో వెయ్యికి రెండు మూడు వంతులే మిగులుతాయి. ఆ దశలో వేరుతోనో వాన నీటితోనో కొత్త కార్బన్ చిటికెడు కలిసినా లెక్క తప్పుతుంది, పాతది కొత్తదిగా కనిపిస్తుంది. అందుకే అంత పాత చోట ఒక్క కార్బన్ పరీక్షను ఎవరూ నమ్ముకోరు. వరట్యిలో బొగ్గుతో పాటు పక్షి గుడ్ల పెంకులను కూడా కార్బన్‌తో పరీక్షించారు. అది చాలక, పూర్తిగా వేరే దారిలో ఇసుకను పరీక్షించారు.

ఈ రెండోది పిల్లలకు బాగా నచ్చుతుంది. నేను ఈ పేరు పెట్టుకున్నదే దాని కోసం. ఇసుకలో పలుగురాయి రేణువులుంటాయి. చుట్టూ మట్టిలో సహజంగా ఉండే రేడియేషన్ కొద్దికొద్దిగా ఆ రేణువులో శక్తిగా నిలవవుతుంది. ఎండ తగిలితే ఆ నిలవంతా ఖాళీ అయిపోతుంది. మళ్లీ మట్టిలో కప్పబడిన రోజు నుంచి సున్నాతో మొదలై నిండుతూ వస్తుంది. దాన్ని ల్యాబ్‌కు తీసుకొచ్చి ఒక వెలుగు వేస్తే, నిలవున్న శక్తిని సన్నని కాంతిగా వదులుతుంది. ఆ కాంతిని కొలిచి, ఆ మట్టిలో ఏడాదికి ఎంత రేడియేషన్ ఉందో దానితో భాగిస్తే, ఆ రేణువు ఆఖరిసారి ఎండ చూసి ఎన్నేళ్లయిందో తెలుస్తుంది. అందుకే శాంపిల్ తీసేటప్పుడు వెలుతురు తగలకుండా తవ్విన గుంత గోడలోకి గొట్టం దిగ్గొట్టి, మూత వేసి తెస్తారు. ల్యాబ్‌లో పాత ఫొటో స్టూడియోల డార్క్‌రూమ్‌లో ఉన్నట్టు మసక ఎర్ర లైటే ఉంటుంది. ఒక్కో రేణువును విడిగా కొలుస్తారు. పై పొర నుంచి జారి కిందికి దిగిన రేణువులుంటే అట్లా పట్టుబడతాయి.

అంటే బొగ్గు ఒక మాట చెప్పింది, గుడ్డు పెంకు ఒక మాట చెప్పింది, ఇసుక ఇంకో మాట చెప్పింది. మూడూ ఒకే వరసలో, లోతుకు పోయేకొద్దీ పాతబడుతూ వస్తేనే ఒప్పుకుంటారు. మీ పిల్లవాడికి ఇట్లా చెప్పండి సార్: బొగ్గు ఒక్కటే దొరికితే అది ఎవరిదో తెలీదు. ఏ పొరలో, ఏ రాతిముక్క పక్కన దొరికిందన్నదే అసలు సంగతి. పొర చెదిరితే అంతా పోయినట్టే.

తుగ్గలి మంద

మా తాతది గొర్రెల మంద సార్. ఎండాకాలం మేత కోసం నల్లమల వైపు కొట్టుకుపోయేవాడు. దారిలో ఒక రాతి చూరు కింద ఏటా మూడు నాలుగు రాత్రులు ఆగేవాళ్లు. నేను చిన్నప్పుడు రెండుసార్లు పోయినా. పైకప్పంతా మసి పట్టి నల్లగా ఉంటుంది, మూడు పొయ్యి రాళ్లు అట్లే ఉంటాయి. ఏడాదిలో మూడొందల అరవై రోజులు అక్కడ ఎవరూ ఉండరు. కానీ మా ఇంట్లో అందరూ దాన్ని 'మన మకాం' అనే అంటారు. పక్కన చెలమ ఉంది కాబట్టే అక్కడ ఆగేది. నీళ్లు ఎండిన ఏడు ఆగకుండా పోతారు. ఆ పిల్లోడి మూడో ప్రశ్నకు జవాబు వాళ్ల నాయన్నే అడగమనండి, నాకు తెలిసి ఆయనకు తెలుసు.

అగస్టా నర్సు

మాస్టారూ, నమస్తే. మాది తాడిపత్రి. పదకొండేళ్లుగా సౌత్ ఆస్ట్రేలియాలో పోర్ట్ అగస్టా అనే ఊళ్లో నర్సుగా పని చేస్తున్నాను. వరట్యి ఉన్న ఫ్లిండర్స్ కొండలు మా ఊరి పక్క నుంచి ఉత్తరానికి సాగుతాయి. మీ ప్రశ్న నిన్న నైట్ డ్యూటీలో చదివాను, ఇంటికొచ్చి నిద్రపోకుండా రాస్తున్నాను. ముందే ఒక మాట: వరట్యికి నేను పోలేదు. అది అద్న్యమతన అనే అబోరిజినల్ ప్రజల చోటు, టూరిస్టులు పోయి చూసే చోటు కాదు. నాతో పని చేసే ఒకామె అద్న్యమతన. ఆమె దగ్గర విన్నవి కొన్ని, చదివినవి కొన్ని, ఈ కొండల్లో తిరిగి చూసినవి కొన్ని చెప్తాను.

తుగ్గలి తమ్ముడు 'మకాం' అన్నాడు చూడండి, ఈ విషయానికి అంతకన్నా సరైన తెలుగు మాట నాకు దొరకలేదు. మన పేపర్లు 'గుహలో నివసించిన ఆదిమానవులు' అని రాస్తాయి. చదివినవాళ్లకు 49,000 ఏళ్లు తలుపేసుకుని లోపల కూర్చున్నట్టు అనిపిస్తుంది. మీ విద్యార్థి సరిగ్గా అక్కడే పట్టుకున్నాడు. ఎవరూ అట్లా కూర్చోలేదు. వచ్చారు, పోయారు, మళ్లీ వచ్చారు. పిల్లల్ని ఎత్తుకొచ్చారు, ఆ పిల్లలు పెద్దయి తమ పిల్లల్ని తెచ్చారు. ఏ చూరు కింద నీడ ఉంటుందో, ఏ బండ కింద నీళ్లు ఊరతాయో తెలిసినవాళ్లే తిరిగి రాగలరు.

ముందు ఈ నేల ఎట్లా ఉంటుందో చెప్తాను. మన అనంతపురంలో పడే వానలో సగం కూడా పోర్ట్ అగస్టాలో పడదు. దానికీ ఒక నెల, ఒక కార్తె అని లేదు. కొండలకు పడమట టోరెన్స్, తూర్పున ఫ్రోమ్ అని పెద్ద చెరువుల పేర్లు మ్యాపులో నీలం రంగులో ఉంటాయి. నేను వచ్చిన కొత్తలో నీళ్లనుకుని పిల్లలకు ఈత డ్రెస్సులు కూడా సర్దాను. పోయి చూస్తే కనుచూపు మేర తెల్లటి ఉప్పు. వాగులన్నీ ఇసుకే, ఒడ్డున పెద్ద పెద్ద గమ్ చెట్లు. కానీ కొండ లోపలికి పోతే రాతి పగుళ్లలోంచి నీళ్లు ఊరే చోట్లు కొన్ని ఉన్నాయి. చుట్టూ ఉన్న మైదానం మండిపోతున్నా అక్కడ నీడ, నీళ్లు, జంతువులు ఉంటాయి. మనుషులు అక్కడికి చేరారంటే ఆశ్చర్యం లేదు. అంత దూరం నుంచి, అవి ఉన్నాయని ముందే తెలియకుండా ఎట్లా చేరారన్నదే నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న.

వరట్యి అడిలైడ్‌కు ఉత్తరంగా సుమారు 550 కిలోమీటర్ల దూరంలో ఉంది. దాన్ని పరిశోధకులకు చూపించింది క్లిఫర్డ్ కౌల్తార్డ్ అనే అద్న్యమతన పెద్దాయన. జైల్స్ హామ్ అనే ఆర్కియాలజిస్టుతో కలిసి కొండల్లో సర్వే చేస్తూ, ఒకచోట ఒంటికి పోయి రావడానికని జీపు దిగి వాగు వెంట నడిచాడట. ముందు ఒక ఊట, చుట్టూ రాతి మీద బొమ్మలు, తర్వాత మసి పట్టిన పైకప్పుతో ఆ చూరు. మసి కనబడగానే మనుషుల మంటలని తెలిసింది. పరిశోధన పత్రం అచ్చయినప్పుడు రాసినవాళ్లలో ఆయన పేరు కూడా ఉంది. ఆ సంగతి చెప్పినప్పుడు నాతో పని చేసే ఆమె గొంతులో గర్వం నాకిప్పటికీ వినబడుతుంది.

అక్కడ తవ్విన లోతు ఎంతనుకుంటున్నారు? సుమారు ఒక మీటరు. మీ క్లాసులో బల్ల ఎత్తుకు కాస్త ఎక్కువ. 49,000 ఏళ్ల కిందట మొదలైన రాకపోకలన్నీ ఆ మీటరు మట్టిలోనే ఉన్నాయి. అందులోంచి 4,300 దాకా రాతి పెచ్చులు, పనిముట్లు, ఇంకా ఎముకలు వచ్చాయి. ఎముకల్లో పదహారు రకాల పాలిచ్చే జంతువులు, ఒక సరీసృపం ఉన్నాయి. పిల్లలకు చెప్పేటప్పుడు నేల మీద సుద్దముక్కతో కాకుండా గోడ మీద మీటరు గీత గీసి చూపించండి. పలుగురాయి తమ్ముడు పొరల గురించి అన్న మాట అప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది.

ఇక గుడ్లగూబ ప్రశ్న. చాలా మంచి ప్రశ్న, ఆర్కియాలజిస్టులు నిజంగా దాంతోనే మొదలుపెడతారు. గుడ్లగూబ మింగి కక్కిన ఎముకలు చిన్న ఎలుకలవి, అరిగి ఉంటాయి. మాంసం తినే జంతువు తెస్తే పంటి గాట్లుంటాయి. మనిషి తిన్నవి కాలి ఉంటాయి, రాతికత్తి గీతలుంటాయి, పొయ్యి బూడిద పక్కన ఉంటాయి. వరట్యి ఎముకల్లో ఎక్కువ భాగం పసుపు పాదాల రాక్ వాలబీవి. కంగారుకు చిన్న చెల్లెలు అనుకోండి, తోక మీద గాజులు వేసినట్టు చారలుంటాయి. అద్న్యమతన భాషలో దాన్ని 'ఆండు' అంటారు. ఇక్కడి బ్రాచినా గార్జ్ అనే లోయలో పొద్దున్నే కారాపి కూర్చుంటే రాళ్ల మీద ఎగురుతూ కనిపిస్తుంది. మా చిన్నది మొదటిసారి చూసి ఊపిరి బిగబట్టింది. ఆ జంతువే, అదే కొండల్లో, ఆ పొయ్యి దగ్గర కూడా ఉంది.

వాటితో పాటు ఇంకో ఎముక ఉంది. డిప్రొటోడాన్ అనే జంతువుది, అదీ పిల్లది. ఇప్పుడు లేదు, ఖడ్గమృగమంత ఉండేది. ఆ చూరు కొండ వాలు మీద, వాగుకు ఎత్తున ఉంటుంది. అంత బరువైన జంతువు తనంతట తానుగా ఎక్కి వచ్చే చోటు కాదు, క్రూరమృగాలు గుహ చేసుకున్న గుర్తులూ లేవు. కాబట్టి మనుషులే మోసుకొచ్చి ఉంటారని తవ్వినవాళ్లు అంటారు. ఇది ఊహే, కానీ కారణం చెప్పి చేసిన ఊహ. పిల్లలకు ఈ తేడా చూపించండి మాస్టారూ, నాకైతే మొత్తం కథలో అదే ముఖ్యం అనిపిస్తుంది.

జేగురు కూడా దొరికింది. మనం గోడకు పూసే ఎర్రకావే. అది అట్టడుగు పొరల్లోనే ఉంది. అంటే మొదట వచ్చినవాళ్లే రంగు వెంట తెచ్చుకున్నారు. తర్వాతి పొరల్లో జిప్సం ఉంది, తెల్లరంగు కోసం. 38,000 ఏళ్లకు పైబడిన ఒక ఎముక సూది మొన దొరికింది. ఆస్ట్రేలియాలో ఎముకతో చేసిన పనిముట్లలో అంత పాతది అప్పటికి దొరకలేదు. రాతిముక్కను కర్రకు బిగించడానికి వాడిన చెట్టు బంక ఆనవాళ్లు కూడా ఉన్నాయి. నేను సూదులతో పని చేసేదాన్ని కాబట్టేమో, ఆ ఎముక మొన ఫొటో చూసినప్పుడు చాలాసేపు పక్కకు పెట్టలేకపోయాను. తోలు కుట్టారో, వల అల్లారో, ఎవరో ఒకరు వేళ్ల మధ్య పట్టుకుని నునుపు చేశారు.

ఇక 'అక్కడే ఎట్లా కూర్చున్నారు' అన్నది. సుమారు 35,000 ఏళ్ల కిందటి తర్వాత అక్కడి మట్టిలో మనుషుల గుర్తులు పలచబడతాయి. వాతావరణం ఎండిపోతూ వచ్చిన కాలం అది. తర్వాత మళ్లీ కనిపిస్తాయి. అట్లా వస్తూ పోతూ 10,000 ఏళ్ల కిందటి దాకా ఉంది. తుగ్గలి తమ్ముడి తాత నీళ్లు ఎండిన ఏడు ఆగకుండా పోయినట్టే.

ఎడారి నడిబొడ్డున ఇంకో చోటుంది, పురిట్‌జారా. ఆలిస్ స్ప్రింగ్స్‌కు పడమట క్లీలాండ్ హిల్స్‌లో ఉంటుంది. మైక్ స్మిత్ అనే ఆయన 1986లో అక్కడ తవ్వడం మొదలుపెట్టారు. అప్పటిదాకా ఎడారి లోపలికి మనుషులు చాలా ఆలస్యంగా, మంచుయుగం అయిపోయాకే వచ్చారని చాలామంది అనుకునేవారు. ఆయన 1987లో 22,000 ఏళ్ల ఆధారం చూపించారు, తర్వాత అది 35,000 దాకా పోయింది. ఆ చోట నాకు ఇష్టమైనది ఎర్రకావి కథ. అందులో ఉన్న ఖనిజాలను బట్టి అది ఏ గనిదో తేల్చారు. 32,000 ఏళ్ల నాటి ముక్కలు కర్కు అనే గనివి. ఆ గని వందకు పైగా కిలోమీటర్ల దూరంలో, వార్ల్‌పిరి ప్రజల నేలలో ఉంది. అంటే ఆ రోజుల్లోనే ఎడారిని దాటి రంగు చేతులు మారింది, లేదా మనుషులే నడిచి పోయి తెచ్చుకున్నారు. ఎట్లా అయినా దారి తెలిసి ఉండాలి, దారిలో నీళ్లు తెలిసి ఉండాలి, అవతల వాళ్లతో మాట కలిసి ఉండాలి. ఒక చిన్న ఎర్రముక్క ఇన్ని చెప్తుంది. పురిట్‌జారాలో మంచుయుగం మరీ ముదిరిన రోజుల్లో కూడా రాకపోకలు ఆగలేదు, దగ్గర్లో నమ్మకమైన నీళ్లుండటమే కారణం.

ఒకటి అడుగుతాను, చేస్తారా? క్లాసులో వీళ్ల గురించి చెప్పేటప్పుడు 'ఉండేవారు' అని ఆపేయకండి. ఉన్నారు. 2009లో ఇక్కడి ఫెడరల్ కోర్టు ఆ నేల మీద అద్న్యమతన ప్రజల హక్కును గుర్తించింది. నా పక్కన డ్యూటీ చేసే మనిషి వాళ్లలో ఒకరు. అద్న్యమతన అంటే ఆమె భాషలో రాతి కొండల మనుషులని అర్థం.

సోషల్ సార్, బేతంచెర్ల

అమ్మా, ఇంత రాత్రి మేల్కొని రాసినందుకు ఏం చెప్పాలో తెలియడం లేదు. 'ఉండేవారు' అన్న మాట నేను క్లాసులో నిజంగానే అన్నాను. సోమవారం సరిదిద్దుతాను. గోడ మీద మీటరు గీత కూడా గీస్తాను. పలుగురాయి గారికి, తుగ్గలి తమ్ముడికి కూడా ధన్యవాదాలు. పిల్లవాడి నాయనను అడిగాను. "నీళ్లు చూసి దిగుతాం సార్, గవి చూసి కాదు" అన్నాడు.

ఇంకొకటి. ఇవన్నీ ఇప్పుడు భద్రంగా ఉన్నాయా? బిల్లసర్గం గుహల గోడల మీద జనం పేర్లు చెక్కడం చూస్తే ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

పెర్త్ శ్రీను

సార్, ఈ జవాబు నేనివ్వాలి, నేనుండేది వెస్టర్న్ ఆస్ట్రేలియాలో.

అన్నీ భద్రంగా లేవు. ఇక్కడ పిల్బరా అనే ప్రాంతం ఉంది, ఎర్రమట్టి, ఎర్రరాయి, ప్రపంచానికి ఇనుప ఖనిజం పంపే చోటు. అక్కడ జూకన్ గార్జ్‌లో రెండు రాతి చూర్లుండేవి. పూటు కుంటి కుర్రమ, పినికుర ప్రజలవి. 2014లో తవ్వితే 46,000 ఏళ్ల వరకు మనుషులు వచ్చిపోయిన ఆధారాలు దొరికాయి. కంగారు కాలి ఎముకను చెక్కి చేసిన 28,000 ఏళ్ల నాటి మొన దొరికింది. మనిషి జుట్టుతో అల్లిన నడికట్టు ముక్క కూడా దొరికింది, 4,000 ఏళ్లది. అందులోని డిఎన్ఏ చూస్తే, ఇప్పుడు ఆ నేల మీద ఉన్న వాళ్ల పూర్వీకులదే అని తేలింది. నాలుగు వేల ఏళ్ల కిందట తమ అవ్వల జుట్టు అది అని ప్రయోగశాల చెప్పిందన్నమాట.

2020 మే 24న రియో టింటో అనే గనుల కంపెనీ గని విస్తరణ కోసం ఆ చూర్లను పేల్చేసింది. చట్టం ప్రకారం 2013లోనే అనుమతి ఇచ్చి ఉంది. ఆ తర్వాత ఏడాదే అంత విలువైనవి దొరికినా, ఒకసారి ఇచ్చిన అనుమతిని తిరిగి చూడాలని అప్పటి చట్టంలో లేదు. తర్వాత పార్లమెంటు కమిటీ విచారణ జరిపింది, కంపెనీ అధిపతి పదవి వదులుకున్నాడు. పోయింది పోయింది.

ఆ వార్త వచ్చిన రోజు లాక్‌డౌన్‌లో ఇంట్లో ఉన్నాను. టీవీలో దుమ్ము లేస్తున్న ఫొటో చూసి మా నాన్నకు ఫోన్ చేశాను. ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "శ్రీశైలం డ్యాం కట్టినప్పుడు గుళ్లను రాయి రాయి విప్పి ఆలంపురంలో మళ్లీ కట్టారు, గుర్తుందా" అన్నాడు. కూడవెల్లి సంగమేశ్వర గుడిని అట్లా తరలించారు. కానీ గుడిని విప్పి కట్టొచ్చు, పొరను విప్పి కట్టలేం. పలుగురాయి తమ్ముడు రాసింది చదివాక ఆ మాట నాకు ఇంకా బాగా తగిలింది.

బాధ పక్కన పెట్టి మీ పిల్లలకు పనికొచ్చే ఇంకో చోటు చెప్తాను. లిటిల్ శాండీ ఎడారిలో కర్నటుకుల్ అని మార్టు ప్రజల రాతి చూరు. 1990లలో తవ్వినప్పుడు 25,000 ఏళ్లు అన్నారు. 2014లో మార్టు వాళ్లతో కలిసి మళ్లీ తవ్వారు. 2018లో అచ్చయిన లెక్క దాదాపు 50,000. చోటు అదే, మట్టి అదే. మెరుగైన పద్ధతులతో, మరింత ఓపికగా తవ్వితే వయసు రెండింతలైంది. అక్కడి బొగ్గును మైక్రోస్కోపులో చూసి ఏ కట్టెదో కూడా చెప్పారు, ఎక్కువగా తుమ్మ జాతి చెట్లది. మన ఊళ్లో పొయ్యిలోకి తుమ్మకట్టె మంచిదంటారు కదా.

పలుగురాయి, హైదరాబాద్

శ్రీను అన్నా, ఇంకొకటి కలుపుతాను. మాస్టారి నంద్యాల జిల్లాలోనే జ్వాలాపురం ఉంది, బనగానపల్లె వైపు. సుమత్రాలో 74,000 ఏళ్ల కిందట పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద అక్కడి పొలాల కింద మందంగా ఉంది. ఆ ఊరి దగ్గరి రాతి చూరు కింద 35,000 ఏళ్ల నాటి సన్నని రాతి పనిముట్లు దొరికాయి. వాటిని అధ్యయనం చేసినవాళ్లలో క్రిస్ క్లార్క్‌సన్ ఒకరు. ఉత్తర ఆస్ట్రేలియాలో మిరార్ ప్రజల నేల మీద ఉన్న మడ్జెడ్‌బెబెలో 2012లో, 2015లో తవ్వి, 65,000 ఏళ్లని 2017లో ప్రకటించిన బృందానికి నాయకుడు కూడా ఆయనే. ఆ అంకె మీద ఇంకా వాదన నడుస్తోంది. ఇసుకలో చెదలు తవ్వి పనిముట్లను కిందికి దించి ఉంటాయని కొందరంటారు. మీ పిల్లవాడు అడిగే రకం ప్రశ్నే అది కూడా.

అగస్టా నర్సు

జ్వాలాపురం సంగతి నాకు తెలీదు తమ్ముడూ. తాడిపత్రి నుంచి బనగానపల్లె దారిలో ఎన్నిసార్లు బస్సులో పోయానో.

మాస్టారూ, మీరు భద్రం గురించి అడిగారు కాబట్టి చెప్తున్నాను. మా ఫ్లిండర్స్ కొండల్లోనే విల్పెనా దగ్గర ఆర్కరూ రాక్ అని ఒకటుంది. జనం చూడటానికి అనుమతి ఉన్న చోటు, రానూపోనూ రెండు గంటల నడక. చూరు కింద ఎర్రకావితో, బొగ్గుతో గీసిన గీతలు, వలయాలు ఉంటాయి. ముందు కంచె వేశారు. మొదటిసారి మా పాప చెయ్యి లోపలికి చాపింది. నేను ఆపేలోగా పక్కనున్న ఒక ముసలామె, ఎవరో నాకు తెలీదు, మెల్లగా పాప చెయ్యి వెనక్కి తీసి, "ఇక్కడి నుంచి చూడు, వాళ్లు నిన్ను చూస్తారు" అంది. పాప ఆ తర్వాత అక్కడున్నంతసేపూ చేతులు వెనక్కి కట్టుకునే నిలబడింది.

మీ పిల్లల్ని గవికి తీసుకుపోతే ఒక్క రాయి కూడా కదపనివ్వకండి. తవ్వాలని ఉబలాటపడతారు, నాకు తెలుసు.

సోషల్ సార్, బేతంచెర్ల

తవ్వం అమ్మా. సోమవారం పాఠం అయింది. గోడ మీద మీటరు గీత గీసి, అడుగున '49,000' అని రాశాను. పైన మా స్కూలు పెట్టిన ఏడాది ఎక్కడొస్తుందని ఒక అమ్మాయి అడిగింది. లెక్క వేస్తే ఒకటిన్నర మిల్లీమీటరు కూడా రాలేదు. సుద్దముక్క గీత మందమే అంతకన్నా ఎక్కువ. క్లాసు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

గొర్రెల పిల్లవాడు మాత్రం ఇంకా వదల్లేదు. ఎర్రకావి వంద కిలోమీటర్ల దూరం నుంచి వచ్చిందన్నారు కదా సార్, మరి నీళ్లు దేంట్లో మోసుకున్నారు అంటున్నాడు. ఆదివారం వాళ్ల నాయనతో కలిసి, గొర్రెలు ఆగే చూరు దగ్గరికి పదిమందిని తీసుకుపోతున్నాను. అమ్మా, ఆ ప్రశ్న మీతో పనిచేసే ఆమెను అడగగలరా?